పసరు వెనక్కి తన్నితే కడుపులో పుండు పడుతుందా?

వాంతులు పట్టుకున్న మనిషి పక్కన కూర్చున్నవాళ్లకు ఆ వరుస తెలుసు. మొదట తిన్నది వస్తుంది. తర్వాత తాగిన నీళ్లు, నురగ. కడుపు ఖాళీ అయ్యాక కూడా వాంతి ఆగకపోతే చివరికి పసుపో ఆకుపచ్చో తేల్చుకోలేని రంగులో, నాలుక మొదలంతా పట్టేసే చేదుతో ఒక ద్రవం వస్తుంది. ‘పసరు పడిపోయింది, ఇక తగ్గుతుందిలే’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఘాట్ రోడ్డు మీద బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు ఈ పాఠం విడిగా చెప్పనక్కరలేదు.

ఆ పసరు జీర్ణాశయంలో పుట్టేది కాదు. కాలేయంలో పుడుతుంది, పిత్తాశయంలో నిలవుండి చిక్కబడుతుంది, సన్నటి నాళం గుండా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగుతుంది. అది నోటిదాకా రావాలంటే ముందు పేగులోంచి జీర్ణాశయంలోకి ఎదురెక్కాలి. వాంతులప్పుడు ఇది మామూలే. కానీ వాంతి లేకుండా, మనిషికి తెలియకుండా, రోజూ ఎదురెక్కుతూ ఉంటే? జీర్ణాశయం గోడకు పుండు పడుతుందా?

ఈ ప్రశ్న వైద్యులదే కాదు. ఎండోస్కోపీ రిపోర్టులో ‘బైల్ రిఫ్లక్స్’, అంటే పసరు ఎదురెక్కడం, అన్న మాట చూసి, అల్సర్ దీనివల్లే వచ్చిందని తీర్మానించుకునేవాళ్లు చాలామంది. 1960ల్లో, 70ల్లో కొందరు పెద్ద వైద్యులూ అలాగే అనుకున్నారు. 80ల తర్వాత ఆ మాట ఎత్తడమే దాదాపు మానేశారు. ఒకప్పుడు అంతా పసరు మీదికే తోయడమూ తొందరపాటే, తర్వాత దాన్ని పూర్తిగా వదిలేయడమూ తొందరపాటే అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు మాటల సంగతి ఒకటి. మన వాడుకలో ‘పైత్యం’ చాలా పెద్ద సంచి. తల తిరిగినా పైత్యమే, నోరు చేదైనా పైత్యమే, మనిషి తిక్కగా ప్రవర్తించినా ‘పైత్యం ముదిరింది’ అంటాం. ఆయుర్వేదంలోని పిత్తం మరో పెద్ద భావన. ఇక్కడ నేను పైత్యరసం అన్నా, పసరు అన్నా కాలేయం ఊర్చే ఆ ఒక్క ద్రవం గురించే.

ద్వారపాలకుడు

జీర్ణాశయం చివర, ఆంత్రమూలం మొదట్లో, ఒక కండర వలయం ఉంటుంది. పేరు పైలోరస్. గ్రీకులో ఆ మాటకు అర్థం ద్వారపాలకుడు. అన్నం నలిగి జావలా అయ్యేదాకా లోపలే ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా కిందికి వదలడం దాని పని.

ఆ వాకిలికి అటూ ఇటూ ఉన్నవి బద్ధ విరోధులు. ఇటు జీర్ణాశయం రోజుకు సుమారు రెండు లీటర్ల జఠరరసం ఊరుస్తుంది. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను విరగ్గొట్టే పెప్సిన్ ఉంటాయి. అటు కాలేయం నుంచి అర లీటరు మొదలు లీటరు దాకా పైత్యరసం, క్లోమం నుంచి లీటరుకు పైగా క్లోమరసం వచ్చి పడతాయి. ఈ రెండూ క్షారాలు. పులుపు వచ్చి క్షారంలో పడితే విరిగిపోతుంది. ఆంత్రమూలం బతికి బట్టకట్టడానికి అదే కారణం.

ద్వారపాలకుడు అన్నాం కాబట్టి చీమ కూడా దూరని కాపలా అనుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ భోజనం తర్వాత, రాత్రి నిద్రలో, కొంత పసరు జీర్ణాశయంలోకి వచ్చిపోతూనే ఉంటుంది. జీర్ణాశయం దాన్ని మళ్లీ కిందికి తోసేస్తుంది. అసలు ప్రశ్న వచ్చిందా లేదా అన్నది కాదు. ఎంత వచ్చింది, ఎంతసేపు నిలిచింది అన్నది.

దీన్ని కంటితో చూసిన మొదటివాళ్లలో అమెరికన్ సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఒకరు. 1822లో మాకినాక్ ద్వీపంలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి దగ్గర నుంచి తుపాకీ దెబ్బ తగిలింది. మనిషి బతికాడు గానీ గాయం పూర్తిగా పూడలేదు. పొట్ట మీద జీర్ణాశయంలోకి నేరుగా తెరుచుకునే రంధ్రం మిగిలిపోయింది. బోమాంట్ ఆ కిటికీలోంచి ఏళ్ల తరబడి లోపలికి చూస్తూ, దారానికి కట్టిన మాంసం ముక్కలు దింపి తీస్తూ, రాసుకున్నదంతా 1833లో పుస్తకంగా వేశారు. మామూలుగా జీర్ణాశయంలో పసరు కనిపించదనీ, కొవ్వు పదార్థాలు ఎక్కువ రోజులు తింటే కనిపిస్తుందనీ రాశారు. ఒక సందర్భంలో సెయింట్ మార్టిన్ తీవ్రమైన కోపంలో ఉన్నప్పుడు రసంలో పసరు కలిసిందనీ, అది కోపం ప్రభావమే అయి ఉంటుందనీ అనుకున్నారు. రోజూ పొట్టలోకి తొంగిచూసే డాక్టరు మీద ఆ కుర్రవాడికి కోపం రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆమ్లం తక్కువ, అయినా పుండు

1910లో క్రొయేషియా సర్జన్ కార్ల్ ష్వార్జ్ చెప్పిన ఒక సూత్రం శతాబ్దం పాటు వైద్యవిద్యార్థుల నాలుక మీద ఆడింది: ఆమ్లం లేనిదే పుండు లేదు. ఇది ఇప్పటికీ నిలిచే మాట. ఆమ్లం బొత్తిగా ఊరని జీర్ణాశయాల్లో ఈ రకం పుండు దాదాపు కనిపించదు.

కానీ ఆమ్లాన్ని కొలవడం మొదలుపెట్టాక ఒక చిక్కు బయటపడింది. ఆంత్రమూలంలో పుండు ఉన్నవాళ్లలో చాలామందికి ఆమ్లం ఎక్కువ. బాగానే ఉంది, లెక్క సరిపోయింది. జీర్ణాశయంలోనే పుండు ఉన్నవాళ్లకు మాత్రం ఆమ్లం మామూలుగా ఉంది, చాలామందిలో మామూలు కంటే తక్కువగా ఉంది. మనం రెండింటినీ కలిపి అల్సర్ అనీ పేగుపూత అనీ అనేస్తాం గానీ ఈ తేడా చాలా పెద్దది. ఆమ్లం తక్కువై కూడా గోడ తెగిందంటే గోడలోనే ఏదో లోపం ఉండాలి. ఎవరో ముందుగా దాన్ని నానబెట్టి మెత్తబరిచి ఉండాలి.

1965లో దక్షిణాఫ్రికా సర్జన్ డు ప్లెసిస్ ఆ ‘ఎవరో’ ఎవరన్న దానికి పేరు పెట్టారు. జీర్ణాశయపు పుండు ఉన్నవాళ్ల కడుపులో పైత్యరస ఆమ్లాలు మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఉన్నాయని చూపించారు. ద్వారపాలకుడు సరిగా పనిచేయక పసరు ఎదురెక్కి గోడను వాపెక్కిస్తుంది, అలా వాచిన గోడను ఆమ్లం తొలుస్తుంది అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో క్యాపర్ బృందం ఒక ఎక్స్‌రే పరీక్ష తయారుచేసింది: ముక్కులోంచో నోట్లోంచో సన్నటి గొట్టాన్ని ఆంత్రమూలం దాకా దింపి, దాని గుండా ఎక్స్‌రేలో కనిపించే బేరియం వదిలి, అది జీర్ణాశయంలోకి వెనక్కి వస్తుందా అని తెర మీద చూడడం. 1969లో రోడ్స్ బృందం కూడా పుండు ఉన్నవాళ్లలో పసరు ఎదురెక్కడం ఎక్కువేనని చెప్పింది. 1973లో రీడ్, గ్రెచ్ అనే ఇద్దరు సిగరెట్ తాగిస్తూ ఇదే రకం పరీక్ష చేస్తే పొగతో ద్వారం పట్టు సడలడం కనిపించింది. పొగతాగేవాళ్లలో ఈ పుండ్లు ఎక్కువ, మానడం ఆలస్యం. అది అప్పటికే తెలిసిన సంగతి. అన్నీ ఒక తాటి మీదికి వచ్చినట్టే అనిపించింది.

కుంకుడు రసం, పాము విషం

పసరు గోడను ఎలా పాడుచేస్తుంది? వంటింట్లోనో స్నానాలగదిలోనో ఉన్న ఉదాహరణ చాలు. నూనె పట్టించిన తలకు కుంకుడు రసం పోసి రుద్దితే జిడ్డంతా నురగతో పాటు జారిపోతుంది. నూనెను నీళ్లలో కరిగేలా చేసే గుణం కుంకుడుకు ఉంది. పైత్యరసంలోని లవణాలకు ఉన్న గుణమూ అదే. మనం తిన్న నెయ్యినీ నూనెనూ చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి పేగుకు అందించడమే వాటి అసలు ఉద్యోగం.

ఇప్పుడు అదే రసం కంట్లో పడిందనుకోండి. తలకు మేలు చేసింది కన్నును మండించేస్తుంది. జీర్ణాశయంలో జరిగేది ఇలాంటిదే. జీర్ణాశయపు లోపలి గోడ మీద జిగురు పొర ఒకటి ఉంటుంది. మిల్లీమీటరులో కొద్ది భాగమే దాని మందం. కింద ఉన్న కణాలు ఆ జిగురులోకి క్షారం వదులుతూ ఉంటాయి. అందుకే పైన నిమ్మరసం కంటే పుల్లగా ఉన్నా, పొర అడుగున కణం అంచు దగ్గర పులుపు దాదాపు ఉండదు. దానికి తోడు కణాల పై అంచుల్లో కొవ్వు జాతి పదార్థాలు పరుచుకుని నీటిని అంటనివ్వకుండా చూస్తాయి, తామరాకులా. పైత్య లవణాలు వచ్చి ఆ జిడ్డును కడిగేస్తే తామరాకు మామూలు ఆకైపోతుంది.

దీన్ని కొలిచి చూపించింది మిషిగన్ విశ్వవిద్యాలయంలోని శరీరధర్మ శాస్త్రవేత్త హొరేస్ డావెన్‌పోర్ట్. 1960ల్లో ఆయన కుక్క జీర్ణాశయంలో ఒక భాగాన్ని విడి సంచిలా కుట్టి, అందులో కొలిచిన ఆమ్లం పోసి, కొంతసేపయ్యాక బయటికి తీసి మళ్లీ కొలిచారు. గోడ బాగుంటే పోసిన ఆమ్లం దాదాపు అంతా తిరిగొస్తుంది. ఆస్పిరిన్ కలిపినప్పుడు గానీ, పైత్య లవణాల వంటి జిడ్డు వదిలించే పదార్థాలు కలిపినప్పుడు గానీ లెక్క తప్పింది. ఆమ్లంలో కొంత మాయమైంది, దాని బదులు శరీరంలోని సోడియం సంచిలోకి వచ్చింది. మాయమైన ఆమ్లం ఎక్కడికి పోయింది? గోడలోకే. బయట ఉండవలసిన పులుపు లోపలికి ఇంకింది. దెబ్బ తీవ్రమైతే రక్తం కూడా కారింది.

ఈ ప్రయోగంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఇక్కడ పసరు తానుగా గోడను తొలవలేదు. ఆమ్లానికి తలుపు తీసింది, అంతే.

పసరుతో పాటు క్లోమరసం కూడా ఎదురెక్కుతుందని మరిచిపోకూడదు. పైత్యరసంలో లెసిథిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. క్లోమరసంలోని ఫాస్ఫోలిపేజ్ ఏ2 అనే ఎంజైము దాన్ని విరిచి లైసోలెసిథిన్‌గా మారుస్తుంది. ఇది కణాల పొరలను విచ్ఛిన్నం చేయడంలో గట్టిది. నాగుపాము విషంలో ఉండే ఫాస్ఫోలిపేజ్ ఏ2, మన క్లోమంలో ఉండేది ఒకే వర్గానికి చెందినవి. పాము కాటులో ఎర్ర రక్తకణాలు పగలడానికి ఆ ఎంజైము కూడా ఒక కారణం. మనం రోజూ అన్నం అరిగించుకోవడానికి వాడుకునే సామగ్రికి ఇంత దగ్గరి చుట్టం అక్కడ ఉందన్నమాట. పేగులో ఉన్నంతవరకు దానివల్ల ఇబ్బంది లేదు. ఆ పనికి తగ్గట్టు పేగు తయారై ఉంది, జీర్ణాశయం లేదు.

కడుపులోని పులుపును బట్టి కూడా పసరు స్వభావం మారుతుంది. పైత్య లవణాల్లో గ్లైసిన్‌తో కూడినవి గట్టి ఆమ్లంలో కరగక అడుగున పేరుకుపోతాయి, వాటివల్ల పెద్దగా హాని ఉండదు. టారిన్‌తో కూడినవి అంత పులుపులోనూ కరిగే ఉండి గోడ మీద పనిచేస్తాయి. ఒకే పసరు ఒక కడుపులో చేసిన అల్లరి ఇంకో కడుపులో చేయకపోవడానికి ఇదొక కారణం.

పసరే కాపాడిన సందర్భం

ఇంతవరకు చదివితే పసరు పచ్చి దుర్మార్గంగా కనిపిస్తుంది. కానీ అంతకు అర్ధశతాబ్దం ముందు సర్జన్ల నమ్మకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. రష్యా శరీరధర్మ శాస్త్రవేత్త పావ్‌లోవ్ శిష్యుడు బోల్డిరెఫ్ 1910ల్లో, పేగులోని క్షార ద్రవాలు జీర్ణాశయంలోకి వెనక్కి రావడం శరీరం చేసుకున్న ఏర్పాటేననీ, పులుపు హద్దు మీరకుండా అది చూస్తుందనీ వాదించారు. జీర్ణాశయాన్నీ పేగునూ కలిపి కుట్టే ఆపరేషన్‌కు అప్పట్లో ఉన్న ఆకర్షణల్లో అదీ ఒకటి: పసరు వచ్చి ఆమ్లాన్ని చల్లారుస్తుందని.

1923లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మాన్, విలియమ్సన్ అనే ఇద్దరు దీన్ని కుక్కల్లో పరీక్షించారు. పసరు, క్లోమరసం జీర్ణాశయం దాపులకు రాకుండా చాలా దిగువన చిన్నపేగు చివరి భాగంలోకి మళ్లించారు. జీర్ణాశయాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపారు. దాదాపు అన్ని కుక్కల్లోనూ పుండ్లు పడ్డాయి, అదీ జీర్ణాశయంలో కాదు, కుట్టు దాటగానే పేగులో. కొన్నిటికి పేగు చిల్లులు పడింది. పసరును పూర్తిగా దూరం చేస్తే పేగు దిక్కులేనిదైంది.

కనుక పసరు మంచిదా చెడ్డదా అని అడగడమే తప్పు ప్రశ్న. ఆమ్లాన్ని విరిచే క్షారమూ, గోడను కడిగేసే లవణమూ ఒకే ధారలో కలిసి వస్తున్నాయి. ఏది ముందు పనిచేస్తుందన్నది ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పెర్త్ నుంచి వచ్చిన కబురు

1982 ఈస్టర్ సెలవుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఒక ప్రయోగశాలలో కొన్ని గాజు పళ్లేలను మామూలుగా పారేసే రెండు రోజులకు పారేయకుండా వదిలేశారు. సెలవులయ్యాక చూస్తే వాటిలో మెలితిరిగిన బ్యాక్టీరియా పెరిగి ఉంది. అక్కడి వైద్యులు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ వెతుకుతున్నది అదే. తర్వాత దానికి హెలికోబ్యాక్టర్ పైలోరీ అని పేరు స్థిరపడింది. ద్వారపాలకుడి పేరు దీనికీ అంటుకుంది. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మాటవరసకు చెప్పాలంటే మార్షల్‌కు వచ్చింది కడుపు వాపే, పుండు కాదు. కథ చెప్పేటప్పుడు ఆ చిన్న తేడాను చాలామంది మింగేస్తారు.

ఆ తర్వాత లెక్క స్పష్టమైంది. జీర్ణాశయపు పుండ్లలో అత్యధికానికి కారణాలు రెండు: ఈ బ్యాక్టీరియా, నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుకుంటాయి. ఆ సంగతి 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చారు. ఇక్కడ పసరు సిద్ధాంతానికి గట్టి దెబ్బ తగిలింది. బ్యాక్టీరియాను చంపితే పుండు మాని మళ్లీ రావడం బాగా తగ్గింది. ఆమ్లాన్ని తగ్గించే మందులు, అంటే 1970ల చివర్లో వచ్చిన సిమెటిడిన్, తర్వాత దశాబ్దంలో వచ్చిన ఒమెప్రజోల్, పసరు జోలికి నేరుగా పోకుండానే పుండ్లను మాన్పాయి. పైత్య లవణాలను పట్టి ఉంచే మందులు మాత్రం పుండు విషయంలో ఆశలు నిలబెట్టలేదు.

పసరు ఎక్కువగా నిలిచే కడుపులో ఈ బ్యాక్టీరియా సరిగా బతకదన్నది మరో విచిత్రం. జీర్ణాశయం కొంత తీసేసి పసరు నేరుగా వచ్చిపడేలా కుట్టినవాళ్లలో దాని జాడ తక్కువ.

మరి డు ప్లెసిస్ చూసింది అబద్ధమా? కాదు. జీర్ణాశయపు పుండు ఎక్కువగా పడేది దాని రెండు అంచుల్లో పొట్టిదైన ‘చిన్న వంపు’ మీద, మోచేయిలా మడతపడే చోట. జపాన్‌కు చెందిన ఓయి బృందం 1959లో, ఆపరేషన్లలో తీసిన జీర్ణాశయాలను పరిశీలించి, ఆమ్లం ఊరే పైభాగపు పొర, ఊరని కిందిభాగపు పొర కలిసే సరిహద్దు దగ్గరే పుండ్లు ఉన్నాయని చూపించింది. కిందిభాగం వాపెక్కితే ఆ సరిహద్దు నెమ్మదిగా పైకి జరుగుతుంది. ఆమ్లం ఊరే భాగం కుంచించుకుపోతుంది, అందుకే ఆమ్లం తక్కువ. వాచి బలహీనపడిన పొర ఆమ్లానికి ఎదురుగా నిలబడుతుంది, అందుకే పుండు. మొదటి చిక్కుముడి ఇలా విడింది. ఆ వాపును తెచ్చేది చాలామందిలో బ్యాక్టీరియా. పసరు కూడా తేగలదు గానీ, దానికంత బలం సాధారణంగా ఉండదు. పైగా వాచిన జీర్ణాశయం సరిగా ముడుచుకోదు, ద్వారమూ పట్టు తప్పవచ్చు. అప్పుడు పసరు ఎదురెక్కడం పుండుకు కారణమా, పుండు వెంట వచ్చినదా అన్నది ఆ ఒక్క రోగిని చూసి చెప్పడం కష్టం.

మంచం కింద చెంబు

మా పెదనాన్నకు బొడ్డు పైన నిలువుగా పొడుగాటి కుట్టు మచ్చ ఉండేది. 1970ల్లో చేసిన ఆపరేషన్. ఆంత్రమూలంలో పుండు మానుతూ తిరగబెడుతూ చివరికి మచ్చకట్టి దారి మూసుకుపోయింది. తిన్నది దిగేది కాదు. దక్షిణ భారతంలో అప్పుడు ఇది చాలా మామూలు కథ. మైసూరులో 1950ల్లో, 60ల్లో సర్జన్‌గా పనిచేసిన ఫ్రాంక్ టోవీ, అన్నం ముఖ్యాహారంగా ఉన్న ప్రాంతాల్లో ఆంత్రమూలపు పుండు ఎక్కువని గమనించి ఏళ్ల తరబడి దాని మీదే పనిచేశారు. చికిత్సగా ఎక్కువగా చేసింది, ఆమ్లం ఊరమని ఆదేశమిచ్చే వేగస్ నరాలను తెంచి, జీర్ణాశయానికీ చిన్నపేగుకూ కొత్త దారి కుట్టడం. దాని పేరు గాస్ట్రోజెజునోస్టమీ, ఆసుపత్రుల్లో పొట్టిగా ‘జీజే’ అంటారు. ఆ తరంలో కుట్టు మచ్చ ఉన్నవాళ్లను కదిపితే ‘నాకూ జీజే చేశారు’ అని వినిపించేది.

కొత్త దారికి ద్వారపాలకుడు లేడు. పసరు దిగుతూ దిగుతూ అక్కడికి రాగానే నేరుగా జీర్ణాశయంలోకి మళ్లుతుంది. పెదనాన్న మంచం కింద ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు ఉండేది. తెల్లవారుజామున లేచి కూర్చుని అందులో పచ్చటి చేదు నీళ్లు కక్కేవారు. అన్నం మెతుకు ఉండేది కాదు, ఒట్టి పసరు. కక్కాక ఆయనకు హాయిగా ఉండేది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో అడిగితే ‘అలవాటవుతుంది’ అన్నారట. నిజంగానే అలవాటైంది, ముప్పై ఏళ్లు.

ఇలాంటివాళ్ల జీర్ణాశయం ఎవరూ కావాలని చేయని ఒక పెద్ద ప్రయోగం. పసరు రాత్రింబవళ్లు తడుపుతూనే ఉంటుంది. నరాలు తెగాయి కాబట్టి ఆమ్లం తక్కువ. పసరు ఒక్కటే పుండు చేయగలిగితే వీళ్ల కడుపు జల్లెడ కావాలి. అలా కాదు. గోడ ఎర్రగా కందిపోతుంది, వాస్తుంది, సూక్ష్మదర్శినిలో దాని నిర్మాణం మారినట్టు కనిపిస్తుంది, దశాబ్దాలు గడిచాక క్యాన్సర్ అవకాశమూ కొంత పెరుగుతుంది. పుండు మాత్రం అరుదు. పడితే సాధారణంగా కుట్టుకు అవతల, పేగు వైపు పడుతుంది, మాన్, విలియమ్సన్‌ల కుక్కల్లో లాగే. ఆమ్లాన్ని తట్టుకునే కవచం లేని పేగు మీదికి మిగిలిన ఆమ్లం పడేది అక్కడే.

పసరు బాధ భరించలేనివాళ్లకు దారిని వై ఆకారంలో తిప్పి కుడతారు. స్విట్జర్లాండ్ సర్జన్ సీజర్ రూ పేరు మీద ఉన్న పద్ధతి అది. జీర్ణాశయానికీ పసరు వచ్చి కలిసే చోటుకీ మధ్య సుమారు అర మీటరు పేగు ఉండేలా చూస్తారు. పసరు రావడం ఆగుతుంది. కానీ ఆమ్లాన్ని ముందే తగ్గించకుండా ఇది చేస్తే కుట్టు దగ్గర పేగుకు పుండు పడే ప్రమాదం పెరుగుతుంది. పసరు రాదు, దాంతోపాటు వచ్చే క్షారమూ రాదు. ఇదే మెలిక ఇప్పుడు బరువు తగ్గించే ఆపరేషన్లలోనూ తిరిగొచ్చింది. ఒకే కుట్టుతో చేసే బైపాస్ పద్ధతిలో పసరు జీర్ణాశయపు సన్నటి గొట్టంలోకి వస్తుందా, దీర్ఘకాలంలో ఏమవుతుంది అని సర్జన్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

రిపోర్టులో ఆ మాట చూస్తే

ఎండోస్కోపీ గొట్టం గొంతులోకి దిగేటప్పుడు చాలామంది ఓకరిస్తారు. ఆ ఓకరింపుతోనే పసరు పైకి వస్తుంది. కాబట్టి ఆ క్షణంలో పసుపు నీళ్లు కనిపించినంత మాత్రాన జబ్బు కాదు. పిత్తాశయం తీసేసినవాళ్లలో పసరు నిలవుండే చోటు లేక రోజంతా కారుతుంది కాబట్టి, జీర్ణాశయంలోకి రావడం కొంత ఎక్కువే. వాళ్లందరికీ పుండు పడడం లేదు.

పుండు నిజంగా ఉంటే ముందు తేల్చుకోవలసినవి పసరు కాక వేరే ఉన్నాయి. హెలికోబ్యాక్టర్ పరీక్ష చేశారా? గోడ ముక్క తీసి చూడవచ్చు, శ్వాస పరీక్షతోనూ తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులకో తలనొప్పికో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని మింగుతున్న బిళ్ళలేమిటి? ఆ సంగతి డాక్టరుకు చెప్పారా? చాలామంది చెప్పరు, ఎందుకంటే దాన్ని మందుగానే లెక్కపెట్టరు. గుండె కోసం రాసిన ఆస్పిరిన్ అయితే సొంతంగా ఆపేయకూడదు, అదీ డాక్టరే తేల్చాలి. జీర్ణాశయంలో పుండుకు మరో జాగ్రత్త ఉంది. పైకి మామూలు పుండులా కనిపించే క్యాన్సర్ ఉంటుంది కాబట్టి ముక్క పరీక్షకు పంపడం, చాలామందిలో కొన్ని వారాల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేసి మానిందో లేదో చూడడం అవసరం. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో కాఫీ పొడిలాంటిది పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకుంటూ కాలం గడపకూడదు.

పసరు వల్లే గోడ కందిందని తేలితే దానికి వేరే మందులున్నాయి. పైత్యరసం స్వభావాన్ని మార్చే అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం, గోడకు పూతలా అతుక్కునే సుక్రాల్ఫేట్, కడుపు కదలికను పెంచేవి. కొందరికి బాగానే పనిచేస్తాయి, కొందరికి అంతంతమాత్రం. పొగ మానడం వీటన్నిటికీ ముందు.

పెదనాన్నకు డెబ్బై దాటాక ఒకసారి మలం నల్లబడింది. ఎండోస్కోపీ గదిలో నన్ను తెర దగ్గరికి పిలిచి చూపించారు. జీర్ణాశయం లోపల చిన్న మడుగులా ఆకుపచ్చటి పసరు, చుట్టూ గోడ మిరపపండులా ఎరుపు. ఎక్కడా పుండు లేదు. గొట్టం పాత కుట్టు దాటి అవతలికి వెళ్లగానే, పేగు అంచున, తెల్లటి అడుగుతో, బఠాణీ గింజంత పుండు కనిపించింది. మోకాళ్ల నొప్పికి ఆయన ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా రోజూ బిళ్ళ వేసుకుంటున్నారని అప్పుడు బయటపడింది. ఆ బిళ్ళలు ఆపించి, ఆమ్లం తగ్గించే మందు రెండు నెలలు ఇచ్చారు. మళ్లీ చూస్తే పుండు మానింది. మంచం కింద చెంబు మాత్రం అక్కడే ఉంది, తెల్లవారుజామున ఆయన అందులో పసరు కక్కుతూనే ఉన్నారు.